ఆలికాంటెలో భోగి

గత జూన్ 24 రాత్రి 12 గంటలు. శాన్ హువాన్ మంటలు చూడటానికి లండన్ నుంచి స్పెయిన్ వెళ్ళిన మేము, సముద్రపుటొడ్డు ఊరు ఆలికాంటెలో జనం మధ్య నిలబడ్డాం. వీధివీధినా కొయ్యతో, అట్టతో చేసిన మేడంత బొమ్మలు. 1928లో మొదలైన పండుగ ఇది. కొండమీది శాంతా బార్బరా కోటనుంచి బాణాసంచా తాటిచెట్టులా విచ్చుకోగానే బొమ్మలకు నిప్పు పెట్టడం మొదలైంది.

"మంచి బొమ్మల్ని ఎందుకు కాలుస్తున్నారు?" అని మా నాలుగేళ్ళ పాప ఏడుపు లంకించుకుంది. జనం ఓటు వేసి ఒకటి రెండు బొమ్మల్ని మ్యూజియంకోసం కాపాడతారని చెప్పినా ఊరుకోలేదు. భోగిమంటలో పాత తట్టలు, చీపుళ్ళు వేసి పెరిగిన మాకూ, నిజం చెప్పాలంటే, మింగుడుపడలేదు.

ఇంతలో వేడికి కుర్రకారు నీళ్ళకోసం కేకలు. ఫైరింజనువాళ్ళు గొట్టాలు వాళ్ళమీదికే తిప్పారు! (వెళ్ళేవారు పట్టుచీరలు పెట్టెలోనే ఉంచండి.) ఒక జల్లు మామీదా పడింది. పాప ఏడుపు మాని, "ఇంకోసారి!" అంది.