కదలని కాళ్ళు – గట్టిపడే రక్తనాళాలు



"వాకింగ్ పట్నంవాళ్ళకు గానీ, వ్యవసాయం చేసుకునే మాకెందుకు?" పాలకుర్తి చుట్టుపక్కల పల్లెల్లో ఈ మాట తరచు వినిపిస్తుంది. ఒకప్పుడు అది నిజమే. నాగలి పట్టినవారికి, నాట్లు వేసినవారికి, పొద్దున, సాయంత్రం తాటిచెట్లు ఎక్కిన గీత కార్మికులకు వేరే వ్యాయామం అవసరం లేదు. కానీ ఇప్పుడు దున్నేది ట్రాక్టరు, కోసేది హార్వెస్టరు. మోటారు వేయడానికి అర్ధరాత్రి బావిదాకా నడిచిన రైతుకు ఇప్పుడు ఆటో స్టార్టరు ఉంది, పొలానికి పోవడానికి బండి ఉంది. కిరాణా కొట్టు, ఆటో, కుట్టు మిషను ఏడాది పొడవునా మనిషిని కూర్చోబెట్టే పనులే. కష్టజీవులమన్న పేరు మిగిలింది, కష్టం తగ్గింది.

దీనివలన రక్తనాళాలకు ఏమి జరుగుతుందో చూద్దాం.

ధమని ప్లాస్టిక్ పైపు వంటిది కాదు, ప్రాణమున్న గొట్టం. దాని లోపలి గోడకు ఒకే ఒక్క కణం మందంతో సున్నితమైన పొర ఉంటుంది. మనం నడిచినప్పుడు రక్తం వేగంగా పారి ఆ పొరను రాసుకుంటూ పోతుంది. ఆ ఒరిపిడికి పొరలోని కణాలు నైట్రిక్ ఆక్సైడ్ అనే వాయువును తయారుచేస్తాయి. అది ధమనిని వదులు చేసి వెడల్పు చేస్తుంది, రక్తం గడ్డకట్టకుండా, గోడకు కొవ్వు పట్టకుండా కాపాడుతుంది. ఈ వాయువు చేసే పనిని కనుగొన్నందుకు 1998లో ముగ్గురు అమెరికా శాస్త్రవేత్తలకు నోబెల్ బహుమతి లభించింది.

కూర్చున్నప్పుడు తొడ దగ్గర, మోకాలి దగ్గర కాలు మడతపడి రక్తప్రవాహం నెమ్మదిస్తుంది. ఒరిపిడి తగ్గుతుంది, వాయువూ తగ్గుతుంది. ఆరోగ్యవంతులైన యువకులను 3 గంటలు కదలకుండా కూర్చోబెట్టి అమెరికాలో పరీక్షించారు. ఆ కొద్ది సమయంలోనే కాలి ధమని వెడల్పు అయ్యే శక్తి తగ్గింది. గంటకొకసారి లేచి 5 నిమిషాలు మెల్లగా నడిచినప్పుడు మాత్రం తగ్గలేదు. 2014లో ప్రచురించిన ఈ ఫలితం కొట్టులో కూర్చునేవారందరూ గుర్తుంచుకోదగినది.

ఇలా ఏళ్ళ తరబడి కూర్చుంటే ధమని సాగే గుణం పోయి గట్టిపడుతుంది, బి.పి. పెరుగుతుంది. కండలలోని సన్నని కేశనాళికలు తగ్గిపోతాయి, రక్తంలోని చక్కెరను కండలు సరిగా తీసుకోలేవు. గోడలకు కొవ్వు పేరుకుంటే గుండెపోటు, పక్షవాతం వచ్చే ప్రమాదం ఉంది.

లండన్‌లో డాక్టర్ జెర్రీ మోరిస్ 1953లో బస్సు సిబ్బంది వివరాలు ప్రచురించారు. రెండంతస్తుల బస్సులో రోజంతా మెట్లెక్కి దిగే కండక్టర్లకంటే కూర్చుని నడిపే డ్రైవర్లలో గుండెజబ్బు ఎక్కువ. డ్రైవర్లకు ఉద్యోగంలో చేరేనాటికే నడుము లావు అని ఆయనే తరువాత యూనిఫాం కొలతల ద్వారా గమనించారు. కనుక తేడా అంతా సీటు వలనే వచ్చిందని చెప్పలేము. అయితే తిరిగి ఉత్తరాలు పంచే పోస్ట్‌మన్లకు, ఆఫీసులో కూర్చునే తపాలా ఉద్యోగులకు మధ్య కూడా ఇటువంటి తేడాయే కనిపించింది.

ఇక సిరల సంగతి. కాళ్ళలోని రక్తం పైకి, గుండెకు ఎక్కాలి. నడిచేటప్పుడు పిక్క కండ బిగిసి సిరను పిండుతుంది, సిరలోని కవాటాలు రక్తాన్ని కిందికి జారనివ్వవు. అందుకే పిక్కను రెండవ గుండె అంటారు. గంటల తరబడి కూర్చున్నా, ఒకేచోట నిలబడినా ఈ పంపు ఆగిపోతుంది. పాదాలు వాస్తాయి. కొందరిలో సిర లోపల రక్తం గడ్డకడుతుంది. ఆ గడ్డ కదిలి ఊపిరితిత్తులకు చేరితే ప్రాణాపాయం.

ఇక్కడ ఇంటి పెద్దలకు ఒక మనవి. పచ్చి బాలింత మంచం దిగకూడదనే అలవాటు మనలో ఇంకా ఉంది. కాన్పు తరువాత 6 వారాలు రక్తం గడ్డకట్టే గుణం ఎక్కువగా ఉంటుంది, ఆపరేషన్ అయితే ఇంకా ఎక్కువ. నర్సమ్మ ఆమెను లేపి నడిపించేది అందుకే, జాలి లేక కాదు. విశ్రాంతి ఇవ్వండి, పనులు చెప్పకండి, కానీ గదిలో అటూ ఇటూ నడవనివ్వండి.

ఎంత నడవాలి? వారానికి కనీసం 150 నిమిషాలు, అంటే 5 రోజులు అరగంట చొప్పున. మాట్లాడగలగాలి, పాట పాడలేనంత ఆయాసం ఉండాలి. సోమేశ్వరస్వామి గుట్ట మెట్లెక్కినా, బతుకమ్మ చుట్టూ తిరుగుతూ ఆడినా అది వ్యాయామమే, కానీ పండుగ తొమ్మిది రోజులే. క్రమం తప్పకుండా నడిస్తే కొన్ని వారాలలోనే రక్తనాళాల లోపలి పొర పనితీరు మెరుగుపడటం మొదలవుతుంది. నడిచి వచ్చి బీడీ ముట్టిస్తే మాత్రం ఆ పొరను మళ్ళీ మీరే దెబ్బతీస్తున్నారు.

షుగర్ ఉన్నవారు చెప్పులు లేకుండా నడవకండి. కొంతదూరం నడవగానే పిక్క పట్టేసి, నిలబడితే తగ్గుతుంటే కాలి ధమని ఇరుకైందేమో డాక్టరుకు చూపించండి. నడకలో ఛాతీ బరువెక్కితే ఆగి వెంటనే ఆసుపత్రికి రండి. ఒక్క కాలు మాత్రమే హఠాత్తుగా వాచి నొప్పి చేస్తే నూనె రాసి తోమకండి. తోముడుకు గడ్డ కదలవచ్చు. కాలిని అలాగే ఉంచి అదే రోజు తీసుకురండి.