సంతానం కోసం మాత్రలు: సంఘం తెలుసుకోవలసిన సంగతులు

పెళ్లయి ఏడాది తిరిగితే చాలు, "విశేషమేమైనా ఉందా?" అని కోడలిని అడగడం నారాయణఖేడ్ చుట్టుపక్కల ఊళ్లలోనూ తండాల్లోనూ మామూలే. ఆరాధన ముగిశాక చర్చి ఆవరణలోనూ ఈ మాట వినిపిస్తుంది. కొడుకును మాత్రం ఎవరూ అడగరు. ఇక డాక్టరు మాత్రలు రాసిస్తే, "అవి వేసుకుంటే విశ్వాసం లేనట్టేనా?" అన్న సందేహం కొందరిది. అందుకే ఈ నాలుగు మాటలు.

నెలసరి సరిగా రానివారిలో, ముఖ్యంగా పీసీఓడీ ఉన్నవారిలో, చాలాసార్లు అండం ఎదిగి విడుదల కాదు. దీనికి ఎక్కువగా వాడే మాత్రలు క్లోమిఫెన్, లెట్రోజోల్. ఒంట్లో ఈస్ట్రోజెన్ తగ్గిందని మెదడుకు తోచేలా ఇవి చేస్తాయి. అప్పుడు పిట్యూటరీ గ్రంథి అండాన్ని పెంచే హార్మోనును ఎక్కువగా పంపుతుంది. నెలసరి మొదలైన తొలి రోజుల్లో ప్రారంభించి సాధారణంగా ఐదు రోజులు వేసుకోమంటారు.

లెట్రోజోల్ రొమ్ము క్యాన్సర్ మందు కదా అని భయపడేవారున్నారు. అది మొదట ఆ జబ్బుకే వచ్చిన మాట నిజం. సంతానలేమికి దీన్ని వాడకూడదని మన కేంద్ర ప్రభుత్వం 2011లో నిషేధించింది కూడా. పీసీఓడీ ఉన్న 750 మంది స్త్రీలపై అమెరికాలో జరిగిన అధ్యయనం 2014లో వెలువడింది. ఐదు నెలసరుల వరకు చికిత్స ఇస్తే, లెట్రోజోల్ వాడినవారిలో 27.5 శాతం మందికి, క్లోమిఫెన్ వాడినవారిలో 19.1 శాతం మందికి బిడ్డలు పుట్టారు. శిశువుల అవకరాల విషయంలో రెండింటికీ చెప్పుకోదగ్గ తేడా కనబడలేదు. అండం విడుదల కోసం దీన్ని వాడేందుకు 2017లో మన దేశంలో మళ్లీ అనుమతి వచ్చింది.

ఆ లెక్కలనుబట్టే మాత్ర వేసుకున్న ప్రతి ఒక్కరికీ గర్భం నిలవదని తెలుస్తోంది. కాబట్టి ముందు భర్తకు వీర్య పరీక్ష, భార్యకు థైరాయిడ్ వంటి పరీక్షలు జరగాలి. లోపం భర్తలో ఉంటే భార్య ఎన్ని మాత్రలు మింగినా ఏం లాభం? పక్కింటామెకు పనిచేసిందని మెడికల్ షాపులో కొని వేసుకోకూడదు. కవలలు పుట్టే అవకాశం పెరుగుతుంది. అరుదుగా అండాశయాలు వాచి ప్రమాదం కావచ్చు. అందుకే స్కాన్ చేస్తూ డాక్టరే మోతాదు నిర్ణయించాలి. కడుపు ఉబ్బి తీవ్రమైన నొప్పి వచ్చినా, ఆయాసం వచ్చినా వెంటనే ఆసుపత్రికి వెళ్లాలి.

హన్నా మందిరంలో ఏడుస్తూ ప్రార్థిస్తే, యాజకుడైన ఏలీ ఆమె తాగి ఉందనుకున్నాడు. మన సంఘాల్లోని హన్నాలను మనమూ అలాగే అపార్థం చేసుకుంటున్నామేమో ఆలోచించాలి. ప్రార్థించడం, మందు వేసుకోవడం ఒకదానికొకటి అడ్డు కావు. సికింద్రాబాద్ గాంధీ ఆసుపత్రిలో ప్రభుత్వ సంతాన సాఫల్య కేంద్రం 2023లో ప్రారంభమైంది. ఇక్కడినుంచి హైదరాబాదు నూరు కిలోమీటర్ల పైమాటే. కూలి మానుకుని, చార్జీలు పెట్టుకుని వెళ్లాలి. దంపతులిద్దరినీ కలిసి వెళ్లమని పెద్దలు చెప్పాలి, వీలైతే ఆ చార్జీలకు సంఘం సాయపడాలి. "విశేషం" అడగడం మాత్రం ఈ ఆదివారం నుంచే మానేద్దాం.