విద్యుదుత్పత్తి – కర్బన ఉద్గారాలు: భారతదేశపు లెక్కను చదవడం ఎలా?

మీ ఇంటి కరెంటు బిల్లు తీసి, ఈ నెల ఎన్ని యూనిట్లు వాడారో చూడండి. వంద యూనిట్లు అనుకుందాం. దేశ సగటు లెక్కన ఆ వంద యూనిట్లను ఉత్పత్తి చేయడంలో దాదాపు 70 కిలోల కార్బన్ డై ఆక్సైడ్ గాలిలో కలుస్తుంది. ఇలా యూనిట్‌కు ఎన్ని కిలోలో చెప్పే సంఖ్యను ఉద్గార గుణకం అంటారు. దేశం మొత్తం మీద ఏడాదికి ఎన్ని టన్నులు అనేది వేరే సంఖ్య. ఈ పాఠంలో మీరు ప్రధానంగా గ్రహించవలసింది ఈ రెండింటికీ ఉన్న తేడానే. విద్యార్థుల జవాబు పత్రాల్లోనే కాదు, పత్రికల వ్యాసాల్లో కూడా ఈ రెండూ కలగాపులగం అవుతుంటాయి.

ముందు కొంత చరిత్ర. 1966 నాటికి మన స్థాపిత సామర్థ్యం 9,000 మెగావాట్ల పైచిలుకు. అందులో 4,000 మెగావాట్లకు పైగా జలవిద్యుత్తే. అంటే సగానికి కాస్త తక్కువ భాగం పొగ లేనిది. తరువాతి దశాబ్దాల్లో గిరాకీ పెరిగినంత వేగంగా జలవిద్యుత్ కేంద్రాలు రాలేదు. ముంపు, పునరావాసం, అంతర్రాష్ట్ర జలవివాదాలు అడ్డు నిలిచాయి. వానల మీద ఆధారం ఎలాగూ ఉంది. బొగ్గు మాత్రం మన నేలలోనే పుష్కలంగా దొరికేది. 1975లో ఎన్‌టీపీసీ ఏర్పడింది. సింగ్రౌలిలో తొలి యూనిట్ 1982లో, మన రామగుండంలో 1983లో ఉత్పత్తి ప్రారంభించాయి. గని పక్కనే కేంద్రం కడితే బొగ్గు రవాణా ఖర్చు తగ్గుతుందన్నది అప్పటి ఆలోచన. ఆర్థికంగా అది సరైనదే. నేడు దేశంలో ఉత్పత్తయ్యే విద్యుత్తులో నూటికి 70 పాళ్లకు పైగా బొగ్గు నుంచే వస్తోంది. జలవిద్యుత్తు వాటా సామర్థ్యంలో పదో వంతు దరిదాపులకు దిగింది.

ఇప్పుడు మొత్తం ఉద్గారాలు చూద్దాం. కేంద్ర విద్యుత్ ప్రాధికార సంస్థ ఏటా ప్రకటించే లెక్కల ప్రకారం విద్యుత్ రంగం 2013-14లో వదిలిన కార్బన్ డై ఆక్సైడ్ సుమారు 72.7 కోట్ల టన్నులు. 2018-19లో అది 96 కోట్లు. ఆ తరువాత 2019-20లో 92.8 కోట్లు, 2020-21లో 91 కోట్లు. వరసగా రెండేళ్లు తగ్గడం చూసి, ఇక ఉద్గారాలు దిగుముఖం పట్టాయని రాసినవారున్నారు. తొందరపాటు! మొదటి ఏడాది వానలు బాగా కురిసి జలవిద్యుత్తు పెరిగింది, గిరాకీ కూడా మందగించింది. రెండో ఏడాది కోవిడ్ లాక్‌డౌన్‌తో ఫ్యాక్టరీలు ఆగాయి. 2021-22లో ఉద్గారాలు 100 కోట్ల టన్నులు దాటాయి. ఒకటి రెండేళ్ల హెచ్చుతగ్గులను దీర్ఘకాలిక ధోరణి అనకూడదు.

ఉద్గార గుణకం దగ్గర మరో చిక్కు ఉంది. ఇందులో నేనే ఒకసారి పడ్డాను. 2013-14లో గుణకం 0.82, 2020-21లో 0.70 అని నల్లబల్ల మీద రాసి, ఏడేళ్లలో ఎంత మెరుగుదలో చూడండి అన్నాను. విద్యుత్ శాఖలో పనిచేస్తూ చదువుకుంటున్న ఒక విద్యార్థి లేచి, “సార్, పాత లెక్కలో గాలిమరలు, సోలార్ కలిపారా?” అని అడిగాడు. కలపలేదు. 0.82 అనేది వాటిని వదిలేసి కట్టిన సగటు. 0.70 వాటిని కలిపి కట్టినది. పాత పద్ధతిలోనే కడితే 2020-21 గుణకం 0.79. అంటే 0.82ను 0.79తోనే పోల్చాలి. ఆ విద్యార్థికి చాలా రుణపడ్డాను. రెండు సంవత్సరాలను పోల్చేముందు లెక్కలో ఏవి చేరాయో, ఏవి చేరలేదో ముందుగా చూడండి.

గుణకం తగ్గడానికి ప్రధాన కారణాలు రెండు. ఒకటి, సౌర, పవన విద్యుత్ కేంద్రాల రాక. రెండోది, థర్మల్ కేంద్రాల్లో సూపర్ క్రిటికల్ బాయిలర్లు. ఇవి ఎక్కువ పీడనం, ఎక్కువ ఉష్ణోగ్రతల వద్ద ఆవిరిని తయారుచేస్తాయి కనుక అదే యూనిట్‌కు తక్కువ బొగ్గు చాలుతుంది. సహజవాయువు మూడో కారణం కావలసింది. బొగ్గుతో పోలిస్తే దాని ఉద్గారం యూనిట్‌కు దాదాపు సగమే. కానీ కృష్ణా-గోదావరి బేసిన్‌లో 2010 తరువాత గ్యాస్ ఉత్పత్తి పడిపోయి, దాన్ని నమ్ముకుని కట్టిన కేంద్రాలు చాలావరకు ఖాళీగా కూర్చున్నాయి.

గుణకం తగ్గుతున్నా మొత్తం ఎందుకు పెరుగుతోంది? మొత్తం ఉద్గారం అంటే, ఉత్పత్తి అయిన యూనిట్లను గుణకంతో హెచ్చవేస్తే వచ్చేది. 2021-22లో (సౌర, పవన విద్యుత్తులను కలిపి) గుణకం 0.715. దానితో 100.2 కోట్ల టన్నులను భాగించండి. టన్నుకు వెయ్యి కిలోలని మరచిపోకండి. ఆ ఏడాది గ్రిడ్‌లోకి వెళ్లినది దాదాపు 1,40,000 కోట్ల యూనిట్లని తేలుతుంది. ఇందులో కొత్తగా కనెక్షన్ పొందిన ఇళ్ల వాడకం, మోటార్ల వాడకం, ఫ్యాక్టరీల వాడకం అన్నీ ఉన్నాయి. ఆ ఇళ్లకు దీపం రావడాన్ని తప్పుగా చూపే పాఠం కాదిది. అయితే యూనిట్లు పెరిగే వేగాన్ని మించి గుణకం తగ్గితే తప్ప మొత్తం తగ్గదు.

అభ్యాసం: పాల్వంచలోని కొత్తగూడెం థర్మల్ కేంద్రంలో 1966 నుంచి దశలవారీగా వచ్చిన 720 మెగావాట్ల పాత యూనిట్లు మూతపడ్డాయి. వాటి ఎనిమిది కూలింగ్ టవర్లను 2024 ఆగస్టులో కూల్చారు. అక్కడే 2018లో 800 మెగావాట్ల సూపర్ క్రిటికల్ యూనిట్ వచ్చింది. ఈ మార్పు వల్ల ఆ కేంద్రం యూనిట్‌కు వదిలే ఉద్గారం ఏమవుతుంది? ఏడాది మొత్తం ఉద్గారం ఏమవుతుందో చెప్పాలంటే మీకు ఇంకా ఏ సమాచారం కావాలి? పది వాక్యాల్లో రాయండి.