ప్లగ్‌లోనే ఉండే ల్యాప్‌టాప్‌లో బ్యాటరీ ఎందుకు నీరసిస్తుంది?

ఇళ్లలో, ఆఫీసుల్లో, హాస్టల్ గదుల్లో ల్యాప్‌టాప్ ఇప్పుడు దాదాపు డెస్క్‌టాప్‌గానే మారిపోయింది. పొద్దున్న అడాప్టర్ తగిలిస్తే మళ్లీ రాత్రికే తీయడం. రెండేళ్ల తర్వాత ఒకరోజు కరెంటు పోతుంది. నాలుగు గంటలు రావాల్సిన బ్యాటరీ గంట కూడా నిలవదు. చాలామంది దీనికి ‘ఓవర్‌ఛార్జింగ్’ కారణమనుకుంటారు. కానీ బ్యాటరీ నిండగానే లోపలి నియంత్రణ సర్క్యూట్ ఛార్జింగ్‌ను ఆపేస్తుంది. అక్కడి నుంచి ల్యాప్‌టాప్ ప్రధానంగా అడాప్టర్ విద్యుత్తుతోనే నడుస్తుంది.

మరి బ్యాటరీ ఎందుకు దెబ్బతింటోంది? ఎప్పుడూ నిండుగా ఉండటమే దానికి భారం.

లిథియం అయాన్ సెల్‌ను ఛార్జ్ చేస్తే లిథియం అయాన్లు ధన ధ్రువం నుంచి బయల్దేరి, ఋణ ధ్రువంలోని గ్రాఫైట్ పొరల మధ్య చేరతాయి. పూర్తిగా నిండినప్పుడు చాలా రకాల సెల్‌లలో వోల్టేజి 4.2 దాకా ఉంటుంది. ఆ స్థితిలో రెండు ధ్రువాలూ మధ్యనున్న ఎలక్ట్రోలైట్ ద్రవంతో చర్య జరిపేందుకు సిద్ధంగా ఉంటాయి. గ్రాఫైట్ మీద మొదట్లోనే ఏర్పడే పలుచని పొర నిజానికి రక్షణ కవచం. అది లేకపోతే బ్యాటరీయే లేదు! అయితే ఆ పొర మందమయ్యేకొద్దీ కొంత లిథియాన్ని శాశ్వతంగా తనలో బంధించేస్తుంది. అంతమేర బ్యాటరీ సామర్థ్యం తగ్గిపోతుంది. ధన ధ్రువం వైపు ఎలక్ట్రోలైట్ ఆక్సీకరణం చెంది వాయువులు కూడా పుడతాయి.

దీనికి వేడి తోడైతే ఈ చర్యలన్నీ వేగం పుంజుకుంటాయి. బ్యాటరీ రంగంలో తరచూ ఉదహరించే ఒక అంచనా ప్రకారం, 40 శాతం ఛార్జ్‌తో 25 డిగ్రీల సెల్సియస్ వద్ద ఏడాదిపాటు ఉంచిన సెల్‌లో 96 శాతం సామర్థ్యం మిగులుతుంది. అదే సెల్‌ను పూర్తి ఛార్జ్‌తో 40 డిగ్రీల వద్ద ఉంచితే మిగిలేది 65 శాతమే. మే నెలలో ఏసీ లేని గదిలో 40 డిగ్రీలు మనకు కొత్తేమీ కాదు. పైగా ల్యాప్‌టాప్‌లో బ్యాటరీకి పక్కనే ప్రాసెసర్ వేడెక్కుతూ ఉంటుంది. పరుపు మీద పెట్టి పనిచేస్తే గాలి రంధ్రాలు కూడా మూసుకుపోతాయి.

‘నెలకోసారి సున్నాకి దింపాలి’ అనే సలహా నికెల్-కాడ్మియం బ్యాటరీల కాలం నాటిది. లిథియం బ్యాటరీలకు పూర్తిగా ఖాళీ కావడం కూడా హానికరమే. ఎప్పుడైనా ఒకసారి అలా చేస్తే మిగిలిన శాతాన్ని చూపే లెక్క సరిపడుతుందేమో గానీ, బ్యాటరీకి కొత్త బలమేమీ రాదు.

పనికొచ్చే మార్గం ఛార్జింగ్‌ను 80 శాతం దగ్గర ఆపేయడం. లెనోవో, ఆసుస్, డెల్ వంటి సంస్థల చాలా మోడళ్లలో ఈ సదుపాయం సొంత యాప్‌లోనో బయోస్ సెట్టింగ్స్‌లోనో ఉంటుంది. కరెంటు కోతలు ఎక్కువున్న ఊళ్లో మాత్రం ఆ మిగతా 20 శాతం విలువ వేరు. పరీక్షల రోజుల్లో వంద దాకా నింపుకొని, తర్వాత మళ్లీ పరిమితి పెట్టుకోవడమే అక్కడ తెలివైన పని.

టచ్‌ప్యాడ్ పైకి ఉబ్బినా, మూత సరిగా పడకపోయినా లోపల వాయువులు చేరి బ్యాటరీ ఉబ్బిందని అనుమానించాలి. అప్పుడు ఛార్జింగ్ వెంటనే ఆపేయాలి. నొక్కడం, గుచ్చడం ప్రమాదకరం, నిప్పంటుకోవచ్చు. అలాంటి బ్యాటరీని చెత్తబుట్టలో వేయకుండా సర్వీస్ సెంటర్‌కు అప్పగించాలి. 2022 నాటి బ్యాటరీ వ్యర్థాల నిర్వహణ నిబంధనల ప్రకారం వాడేసిన బ్యాటరీల సేకరణ, రీసైక్లింగ్ బాధ్యత ఉత్పత్తిదారులదే.