వెబ్‌సైట్ కట్టేముందు బయటికి దారి చూసుకుందాం



కొత్తగా వెబ్‌సైట్ పెట్టుకోవాలనుకుంటున్న సంఘాలు ఈ మధ్య మమ్మల్ని ఒకే ప్రశ్న అడుగుతున్నాయి. "ఏ సాఫ్ట్‌వేర్‌లో చేయించుకోమంటారు?" గాజువాక వాళ్లూ అదే అడుగుతున్నారు, వన్ టౌన్ వాళ్లూ అదే అడుగుతున్నారు. మేమూ మా పత్రిక సైటును కొత్తగా కట్టుకుంటున్నాం కాబట్టి జవాబు చెప్పడానికి ఇదే సమయం. అయితే ముందు మా తప్పు చెప్పుకోవాలి.

మా పాత సైటును ఒక యువకుడు అభిమానంతో, పైసా తీసుకోకుండా చేసిపెట్టాడు. చదువు అయింది, ఉద్యోగం వచ్చింది, బెంగళూరు వెళ్లాడు. డొమైన్ అతని పేరు మీదే ఉంది. దానికి ఇచ్చిన ఈమెయిల్ అతని కాలేజీ రోజులది, ఇప్పుడు ఎవరూ చూడనిది. గడువు ముగుస్తోందన్న హెచ్చరికలన్నీ అక్కడికే వెళ్లాయి. ఒక సోమవారం ఉదయం సైటు తెరుచుకోలేదు. తంటాలు పడి డొమైన్ దక్కించుకున్నాక, పాత వ్యాసాలను కొత్త సర్వర్‌కు మార్చబోతే తెలుగు అక్షరాలన్నీ ప్రశ్నార్థకాలైపోయాయి. వరసలకు వరసలు ప్రశ్నార్థకాలే. ఫైలును యూటీఎఫ్-8 పద్ధతిలో కాక మరో పద్ధతిలో దాచడం వల్ల వచ్చిన తిప్పలది. కొన్ని సంచికలను ప్రింటు కాపీలు చూసి మళ్లీ టైపు చేయించాం. తప్పు ఆ అబ్బాయిది కాదు. అన్ని సంవత్సరాల్లో ఒక్కసారైనా అడగని మాదే.

ఇక విషయానికి వస్తే, సీఎంఎస్ అంటే కంటెంట్ మేనేజ్‌మెంట్ సిస్టమ్. రాసినదాన్ని ఒక చోట, అది కనిపించే తీరును మరో చోట ఉంచే ఏర్పాటు. సంఘ కార్యదర్శి తన పాస్‌వర్డ్‌తో లోపలికి వెళ్లి, ఆదివారం కూటం సమయం టైపు చేసి ఒక మీట నొక్కితే చాలు, పేజీ తయారవుతుంది. రంగులు, అమరిక మార్చాలంటే రాతను ముట్టుకోనక్కరలేదు. ఈ పని చేసేవి చాలానే ఉన్నాయి. 2001లో వచ్చిన ద్రూపల్ శక్తిమంతమైనదే గానీ, దాన్ని నడపడానికి చేయి తిరిగిన మనిషి కావాలి. 2005లో మాంబో నుంచి విడిపోయి వచ్చిన జూమ్లా కొంత మధ్యస్థం. 2003లో మొదలైన వర్డ్‌ప్రెస్‌ను ఎక్కువమంది వాడుతున్నారు కనుక నేర్పేవాళ్లు, బాగుచేసేవాళ్లు విశాఖలో సులభంగా దొరుకుతారు. గూగుల్ వారి బ్లాగర్ ఉచితం, హంగులు తక్కువ. విక్స్ వంటివి అద్దె ఇళ్లలాంటివి. చూడడానికి బాగుంటాయి, మేకు కొట్టాలన్నా ఇంటివారి మాట వినాలి.

వీటిలో ఏది మంచిదని కాక, "రేపు దీన్ని వదిలి వెళ్లాలంటే మన రాతలన్నీ వెంట తీసుకుపోగలమా?" అని ముందుగా అడగమని మా సలహా. మన పోర్టులో క్రేన్ కంటైనర్ ఎత్తేటప్పుడు అది ఏ కంపెనీ ఓడలో వచ్చిందని చూడదు. పెట్టె కొలత అందరిదీ ఒకటే కాబట్టి ఏ ఓడ నుంచైనా దింపి ఏ లారీ మీదనైనా పెడుతుంది. మన వ్యాసాలూ అలా కదలగలగాలి. వర్డ్‌ప్రెస్, బ్లాగర్ రెండూ రాతలన్నిటినీ ఒకే ఫైలుగా బయటికి ఇస్తాయి. విక్స్‌లో కట్టిన సైటును ఉన్నదున్నట్టు మరో చోటికి మార్చుకునే వీలు లేదు.

ఇక్కడ ఒక మెలిక ఉంది. వర్డ్‌ప్రెస్ ఇచ్చే ఆ ఫైలులో ఫొటోలు ఉండవు, అవి ఎక్కడున్నాయో చెప్పే చిరునామాలు మాత్రమే ఉంటాయి. పాత సైటు బతికి ఉన్నంతవరకే అవి పనికొస్తాయి. అందుకే బాప్తిస్మాల ఫొటోలు, వార్షికోత్సవ చిత్రాలు వేరే కాపీ తీసి పెట్టుకోవాలి.

కాపీ ఎక్కడ పెట్టాలన్నదీ ముఖ్యమే. 2014 అక్టోబర్ 12న హుద్‌హుద్ వచ్చింది ఆదివారం నాడే. కరెంటు, ఫోన్లు రోజుల తరబడి లేవు. చర్చి ఆఫీసు కంప్యూటర్‌లో ఒక కాపీ, అదే బల్ల సొరుగులోని పెన్‌డ్రైవ్‌లో మరో కాపీ పెడితే అవి రెండు కాపీలు కావు. ఒకటి ఊరు దాటి ఉండాలి.

ఈ సంగతి మన ఊరికి కొత్తది కాదు. 1805లో లండన్ మిషనరీ సొసైటీ తరఫున విశాఖపట్నం వచ్చిన జార్జ్ క్రాన్, ఆగస్టస్ డెస్ గ్రాంజెస్ ఇక్కడే తెలుగు నేర్చుకుని, ఆనందరాయర్ సాయంతో సువార్తలను అనువదించడం మొదలుపెట్టారు. క్రాన్ 1809లో, డెస్ గ్రాంజెస్ 1810లో చనిపోయారు. అయినా వారి పని ఆగిపోలేదు. మత్తయి, మార్కు, లూకా సువార్తలు 1812లో బెంగాల్‌లోని సెరంపూర్‌లో అచ్చయ్యాయి. రాసినవారు లేకపోయినా ఇంకొకరు అందుకుని ముందుకు తీసుకువెళ్లగలిగేలా ఆ రాత ఉంది. అదే 1812 మార్చి 11న సెరంపూర్ ముద్రణాలయం కాలిపోయింది. సీసపు అక్షరాలు కరిగి ముద్దలయ్యాయి, కాని వాటిని పోతపోసే అచ్చులు మిగిలాయి. ఆ సీసంతోనే మళ్లీ అక్షరాలు పోశారు.

ఇక తెలుగు సంగతి. చాలా సంఘాల దగ్గర పాత కరపత్రాలు, పాటల పుస్తకాలు డీటీపీ వాళ్లు పేజ్‌మేకర్‌లో అను ఫాంట్లతో చేసినవే. తెరమీద తెలుగులా కనిపించినా లోపల ఉన్నది ఇంగ్లిష్ అక్షరాల సంకేతాలే. అలాగే తెచ్చి సైటులో పెడితే అర్థంలేని గుర్తులు వస్తాయి. గూగుల్‌లో వెతికితే దొరకదు. యూనికోడ్‌లోకి మార్చే సాధనాలున్నాయి గానీ, మార్చాక ఒకరు కూర్చుని ఒత్తులన్నీ సరిచూడాల్సిందే. మండలి, రామభద్ర, ఎన్‌టీఆర్ వంటి యూనికోడ్ ఫాంట్లు ఉచితంగా దొరుకుతున్నాయి. సైటు రూపాన్ని ఎంచుకునేటప్పుడు ఇంగ్లిష్ నమూనా చూసి సరేననకండి. "క్రీస్తు", "స్త్రీలు", "రాష్ట్రం" అని టైపు చేసి మామూలు ఫోన్‌లో చూడండి. ఇంగ్లిష్‌కు తగ్గట్టు వరసల మధ్య ఖాళీ తగ్గించిన చోట మన ఒత్తులు కింది వరసకు తగులుతాయి.

మరో చిన్న చికాకు. వర్డ్‌ప్రెస్‌లో తెలుగు శీర్షిక పెడితే పేజీ చిరునామా కూడా తెలుగులోనే తయారవుతుంది. దాన్ని వాట్సాప్‌లో పంపితే చాలాసార్లు శాతం గుర్తులు, అంకెలతో గొలుసులా కనిపిస్తుంది. కారణం, లోపల ఒక్కో తెలుగు గుర్తుకు తొమ్మిది గుర్తులు పడతాయి. మొత్తం 200 దాటకూడదు కాబట్టి సుమారు 22 గుర్తులకే చిరునామా తెగిపోతుంది. గుణింతపు గుర్తులు, ఒత్తులు కూడా లెక్కలోకి వస్తాయి. ప్రతి వ్యాసానికీ పొట్టి ఇంగ్లిష్ చిరునామా చేత్తో ఇచ్చుకోవడమే సుఖం.

మరి మేం ఏది ఎంచుకున్నాం? సొంత హోస్టింగ్ మీద వర్డ్‌ప్రెస్. కాని అందరికీ అదే చెప్పం. దాన్ని తరచూ అప్‌డేట్ చేయాలి, ప్లగిన్లు వీలైనంత తక్కువ ఉంచాలి. ఎవరూ పట్టించుకోని పాత ప్లగిన్ గొళ్లెం లేని తలుపుతో సమానం. స్టీల్ ప్లాంట్‌లో మూడు షిఫ్టుల్లో పనిచేసే సభ్యులున్న సంఘంలో ఒక్కడి మీద ఆధారపడితే అతని నైట్ షిఫ్ట్‌తో సైటు కూడా నిద్రపోతుంది. ఇద్దరు దొరికితే వర్డ్‌ప్రెస్ పెట్టుకోండి. ఆ ఇద్దరిలో ఒకరు కుర్రవాళ్లు కాకుండా ఉంటే మరీ మంచిది, బదిలీల బాధ తక్కువ. దొరకకపోతే బ్లాగర్ చాలు. కూటాల సమయాలు, ప్రసంగాలు, ఫోన్ నంబరు చెప్పడానికి అంతకన్నా అక్కర్లేదు. ఫేస్‌బుక్ పేజీ ఉందిగా అంటారు కొందరు. ఉండనివ్వండి, కాని నాలుగేళ్ల కిందటి ప్రసంగాన్ని అందులో వెతికి చూడండి.

ఒక్క విషయంలో మాత్రం గట్టిగా చెబుతాం. ప్రార్థన మనవుల ఫారం. డబ్బిచ్చి సైటు చేయించుకుంటే దాన్ని ఊరికే తగిలించి ఇస్తారు. అందులో జనం ఏం రాస్తారో మనకు తెలుసు. జబ్బులు, అప్పులు, కూతురి కాపురం సంగతులు, కింద పేరు, ఫోన్ నంబరు. అవన్నీ డేటాబేస్‌లో పోగవుతాయి, సైటు హ్యాకైతే బయటపడతాయి. 2023లో వ్యక్తిగత సమాచార రక్షణకు దేశంలో చట్టమే వచ్చింది. చట్టం మాట అటుంచినా, పాస్టర్ గారి చెవిలో చెప్పుకునే మాట అది. మేం ఆ ఫారం తీసేసి ఫోన్ నంబరు ఒక్కటే ఉంచాం.

ప్రస్తుతం పది పాత వ్యాసాలను కొత్త సైటులో పెట్టి, వాటిని బయటికి తీసి, మరో ఖాళీ సైటులో తిరిగి ఎక్కించి చూశాం. తొమ్మిది సరిగా వచ్చాయి, ఒకదానిలో ఫొటో రాలేదు. అది తేలాకే మిగతావి ఎక్కిస్తాం. డొమైన్ ఈసారి పత్రిక పేరు మీదే తీసుకున్నాం. పాస్‌వర్డ్‌లు రాసిన కాగితం కవరులో సీలు వేసి కోశాధికారి బీరువాలో ఉంది.