చివరి గాజు పలక

ఏకాంతం అనగానే మనకు తపోవనాలు, నిర్జనారణ్యాలు స్ఫురిస్తాయి. కాని ప్రకృతిని కెమెరాలో బంధించేవాని ఏకాంతం వేరు. ప్రక్కన నలుగురున్నా అది అతనికి దక్కుతుంది.

1927 ఏప్రిల్ 10న అమెరికాలోని యోసెమిటీలో ఆన్సెల్ ఆడమ్స్ అనే యువకుడు నలుగురు మిత్రులతో కలసి మంచు నిండిన కొండ ఎక్కాడు. వీపున బరువైన కెమెరా, 12 గాజు పలకలు. పలకకు ఒక్కటే చిత్రం. 'హాఫ్ డోమ్' అనే మహాశిల ఎదుట నిలిచేసరికి మిగిలినవి రెండే! శిలాముఖంపై ఎండ వాలేవరకు వేచివున్నాడు. పసుపు ఫిల్టరు అమర్చి ఒక పలకను వినియోగించాడు. వెంటనే శంక కలిగింది. ఇందులో కొండ రూపం వస్తుంది గాని, దానిని చూచినపుడు తన హృదయంలో కలిగిన గంభీరభావం రాదే! ముదురు ఎరుపు ఫిల్టరు నీలికాంతిని అడ్డగించి ఆకాశాన్ని దాదాపు నల్లగా మారుస్తుంది. దానిని అమర్చి చివరి పలకను వెచ్చించాడు. లోకప్రసిద్ధమైనది ఆ చిత్రమే.

మిత్రులు ప్రక్కనే ఉన్నారు. ఆ రెండు పలకల నడుమ సాగిన ఆలోచన మాత్రం అతనొక్కనిదే.

నేడు చేతిలోని ఫోనుతో లెక్కలేనన్ని చిత్రాలు తీస్తున్నాం. తీయడానికి ముందు వేటిని నిజంగా చూచాం? (ఈ ప్రశ్న మొదట నాకే.) ఒకనాడు చెరువుగట్టుకు వెళ్ళి, రెండే చిత్రాలు తీయాలని నియమం పెట్టుకున్నాను. మొదటిది, కొంగ ఎగిరిపోయి వ్యర్థమైంది. రెండవదానికై కూర్చుని ఉండగానే చీకటి పడింది, తీయనే లేదు. ఆ సాయంకాలం నీటిపై మారిన రంగులు మాత్రం వరుసగా చెప్పగలను.