మందు – తేమ – గురి

తెలుగులో ‘మందు’ అనే మాటకు అర్థాలు అనేకం. రోగి మింగేది మందే, రైతు పొలంలో చల్లేది మందే, తుపాకి గొట్టంలో కూరేదీ మందే. ఈ మూడింటికీ ఒక పోలిక ఉంది. నిలువచేసిన తీరునుబట్టి వాటి గుణం మారిపోతుంది. తుపాకి ప్రసక్తి వచ్చినప్పుడు జనం సాధారణంగా గొట్టం పొడవును గురించీ, గురిచూసేవాని నేర్పును గురించీ చెప్పుకొంటారు. మీట నొక్కడానికి నెలల ముందునుంచీ ఆ మందు ఎటువంటి గాలిలో ఉన్నది, ఏ వేడికి గురి అయినది అనే విషయం ఎవరికీ తట్టదు. అది పేలుతుందా లేదా, పేలితే గుండు అనుకొన్న చోటికి చేరుతుందా అనే రెండు ప్రశ్నలకూ జవాబు చాలావరకు ఆ నిలువ గదిలోనే నిర్ణయమైపోతుంది.

ఈ సంగతి తెలుసుకోవడానికి కోనసీమ తీరం మంచి చోటు. అల్లవరం మండలంలోని ఓడలరేవు వద్ద గోదావరి పాయ అయిన వైనతేయ బంగాళాఖాతంలో కలుస్తుంది. ఒకవైపు నది, ఒకవైపు సముద్రం, చుట్టూ కాలువలు. అక్కడ ఇనుప గొళ్లెం ఏడాది తిరగకుండానే తుప్పుపడుతుంది. మూత సరిగా పెట్టని ఉప్పుజాడీ అడుగున నీరు చేరుతుంది. దీపావళికి ముందు చిచ్చుబుడ్లను, మతాబులను చేటల్లో పేర్చి ఎండబెట్టడం ఈ ప్రాంతపు ఇళ్లలో తరతరాల అలవాటు. ఆ పండుగ వచ్చేది సరిగా తుపానుల ఋతువులోనే. 1996లో నవంబరు 6న తుపాను కోనసీమను ముంచెత్తగా, నాలుగు రోజులకు దీపావళి వచ్చింది. ముసురు పట్టిన రోజుల్లో ఎండ తగలని చిచ్చుబుడ్డి పువ్వులు చిమ్మదు, తుస్సుమంటుంది. చిచ్చుబుడ్డిలోనూ, పాతకాలపు తుపాకిలోనూ పనిచేసే సూత్రం ఒక్కటే.

ఓడలరేవుకు సమీపంలోని బెండమూర్లంకలో పద్దెనిమిదవ శతాబ్దంలో ఇంగ్లీషు ఈస్టిండియా కంపెనీకి వర్తకస్థానం ఉండేది. 1757లో ఫ్రెంచి సేనాని బుస్సీ గోదావరి ముఖద్వారాల వద్ద ఉన్న ఇంజరం, బెండమూర్లంక, మాధవాయిపాలెం స్థానాలను వశపరచుకొన్నాడు. ఆ కాలంలో ఏ పక్షం వారికైనా ఆధారం నల్లమందే. దానిలో నూటికి 75 పాళ్లు పెట్లుప్పు, 15 పాళ్లు బొగ్గు, 10 పాళ్లు గంధకం. పెట్లుప్పు అనే పేరు ఎంత అందంగా ఉందో గమనించదగినది. పెట్లకు, అంటే పేలుళ్లకు, పనికివచ్చే ఉప్పు అది. దీనినే సురేకారం అని కూడా అంటారు. మంట మండడానికి కావలసిన ప్రాణవాయువును ఇది తనలోనే దాచుకొని ఉంటుంది. అందువల్లనే గాలి చొరని గొట్టంలో కూడా మందు భగ్గుమంటుంది.

శుద్ధమైన పెట్లుప్పు తేమకు అంత తొందరగా లొంగేది కాదు. గాలిలో తేమ 90 శాతం దాటితేగాని అది నీరు కారదు. చిక్కంతా దానిలో కలిసివచ్చే మలినాలతోనే. మామూలు ఉప్పు సుమారు 75 శాతం తేమవద్దనే చెమ్మగిల్లుతుంది. సున్నపు అంశ కలిగిన కాల్షియం నైట్రేటుకు 50 శాతం చాలు. సముద్రతీరంలో ఏడాదిలో చాలా ఉదయాలు గాలిలోని తేమ 75 శాతాన్ని మించే ఉంటుంది. అందుచేత అరకొరగా శుద్ధిచేసిన పెట్లుప్పుతో తయారైన మందు ఎండిన మెరకనేలలో చక్కగా పనిచేసి, తీరానికి రాగానే ముద్దకట్టిపోతుంది. ఇది చాలదన్నట్లు మందులోని బొగ్గు తన సూక్ష్మరంధ్రాలతో గాలిలోని చెమ్మను పీల్చుకొంటుంది.

తడిసిన మందును ఎండబెడితే సరిపోదా అని విద్యార్థులు అడగవచ్చు. కొంచెం చెమ్మ పట్టితే సరిపోతుంది. బాగా తడిసిన పక్షంలో సరిపోదు. నీటిలో కరిగిన పెట్లుప్పు ఆరేటప్పుడు బొగ్గునుంచి విడిపోయి వేరుగా స్ఫటికాలు కడుతుంది. మిల్లులో గంటల తరబడి నూరి కలిపిన మూడు పదార్థాలు మళ్లీ దేనికది అవుతాయి. చూపుకు పొడిగానే ఉంటుంది, నిప్పు కూడా అంటుకొంటుంది, కాని వేగంగా మండదు. తుపాకిమందుకు వేగమే ప్రాణం.

ఈ నష్టాన్ని అంకెల్లో చెప్పిన శాస్త్రజ్ఞుడు బెంజమిన్ రాబిన్స్. 1742లో వెలువడిన గ్రంథంలో ఆయన గుండు వేగాన్ని కొలవడానికి ఒక బరువైన లోలకాన్ని వాడిన పద్ధతిని వివరించాడు. గుండు తగిలినప్పుడు లోలకం ఎంత ఊగిందో చూచి వేగాన్ని లెక్కగట్టవచ్చు. పొడి ఋతువులో గుండుకు సెకనుకు 1,700 అడుగుల వేగమిచ్చే మందు, చెమ్మ ఋతువులో 1,200 లేక 1,300 అడుగులకు మించి ఇవ్వదని ఆయన తేల్చాడు. వేగం నాలుగోవంతు తగ్గినదంటే దెబ్బ బలం దాదాపు సగానికి పడిపోయినదన్నమాట, ఎందుకంటే శక్తి వేగపు వర్గాన్ని అనుసరిస్తుంది. గణితవేత్త ఆయిలర్ ఈ గ్రంథాన్ని 1745లో జర్మన్ భాషలోకి తెచ్చాడు. తరువాత రాబిన్స్ కంపెనీ కొలువులో ఇంజనీరుగా ఈ తీరానికే వచ్చి, 1751లో కడలూరు దగ్గరి సెయింట్ డేవిడ్ కోటలో మరణించాడు. చెమ్మ గురించి అంతగా ఎరిగినవాడు చెమ్మ తీరంలోనే కన్నుమూయడం ఒక విచిత్రం.

ఆనాటి చెకుముకి తుపాకికి వాన నేరుగా శత్రువు. గొట్టం ప్రక్కన చిన్న గిన్నెలో చిటికెడు మందు పోసేవారు. చెకుముకి రాయి ఉక్కుకు ఒరసినప్పుడు రాలిన నిప్పురవ్వ ఆ చిటికెడు మందును అంటించాలి. ఆ మంట సన్నని రంధ్రంగుండా గొట్టంలోని మందును చేరాలి. ఈ వరుసలో ఎక్కడ నీటిబొట్టు పడినా తుపాకి కర్రతో సమానం. 1757 జూన్ 23న ప్లాసీ వద్ద మధ్యాహ్నవేళ వాన కురిసినప్పుడు ఇంగ్లీషువారు తమ మందుపై తారుపూసిన గుడ్డలు కప్పుకొన్నారు. నవాబు ఫిరంగులవద్ద మందు తడిసిపోయింది. శత్రువుల మందు కూడా తడిసి ఉంటుందని నమ్మి ముందుకు దూకిన నవాబు పక్షపు సైనికులు గుళ్లవానకు ఎదురయ్యారు. ఆ యుద్ధఫలితానికి కుట్ర ప్రధాన కారణమనే మాట నిజమే. అయినా ఆ కప్పిన గుడ్డల పాత్రను చరిత్రకారులు మరువలేదు.

మరుసటి సంవత్సరాలలో పోరు తెలుగు తీరానికి మళ్లింది. 1758 డిసెంబరులో పిఠాపురం సీమలోని చందుర్తి వద్ద గెలిచిన కర్నల్ ఫోర్డ్, 1759 మార్చిలో చిత్తడినేలల నడుమనున్న మచిలీపట్నం కోటను ముట్టడించాడు. ఏప్రిల్ మొదటి వారం ముగిసేసరికి ఆయన ఫిరంగులకు రెండు రోజులకు సరిపడే మందు మాత్రమే మిగిలింది. వేరే దారి లేక ఏప్రిల్ 7 అర్ధరాత్రి కోటపై దాడికి దిగి దానిని పట్టుకొన్నాడు. ఉత్తర సర్కారులలో ఫ్రెంచివారి ప్రాబల్యం దానితో అంతరించింది. అటువంటి ముట్టడిలో పీపాల సంఖ్య ఒక లెక్క, వాటిలో పొడిగా ఉన్నవెన్ని అనేది మరొక లెక్క. తడిసిన పీపా ఉన్నా లేనట్లే.

చెకుముకి బాధను తీర్చినవాడు స్కాట్లండుకు చెందిన అలెగ్జాండర్ ఫోర్సిత్ అనే మతాచార్యుడు. దెబ్బ తగలగానే పేలే రసాయనంతో మందు అంటించే పద్ధతికి 1807లో ఆయన హక్కు పొందాడు. దీనినుంచి చిన్న రాగి టోపీలు పుట్టాయి. 1834లో ఉలిచ్ వద్ద ఆంగ్లప్రభుత్వం రెండు రకాల తుపాకులనూ తలా 6,000 సార్లు కాల్చి చూసింది. చెకుముకి 922 సార్లు మొండికేసింది. టోపీ తుపాకి 36 సార్లు మాత్రమే పేలలేదు. ప్రాణం అరచేతిలో పెట్టుకొని నిలబడిన సిపాయికి ఈ తేడా ఎంతటిదో ఊహించవచ్చు.

టోపీ వచ్చినా మందూ గుండూ ఇంకా కాగితపు పొట్లంలోనే ఉండేవి. ఎన్‌ఫీల్డు తుపాకి పొట్లానికి కొవ్వు పూసింది గుండు జారడానికీ, చెమ్మ చొరకుండడానికీ. ఆ కొవ్వు ఏ జంతువుదనే అనుమానం 1857లో దేశాన్ని ఎలా కుదిపివేసిందో అందరికీ తెలిసినదే. తరువాత ఇత్తడి గొట్టంలో మందును, టోపీని, గుండును ఒక్కటిగా బిగించిన తూటా వచ్చింది. పేలినప్పుడు ఇత్తడి ఉబ్బి గొట్టం గోడకు అంటుకొని వాయువును వెనుకకు రానీయదు. కీళ్లవద్ద లక్క వంటి పూత పూస్తే చెమ్మ లోపలికి పోదు. వానలో తడిసినా పేలగల ఆయుధం ఈ విధంగా సాధ్యమయింది.

అయితే ఆ సౌకర్యానికి ఒక మూల్యం ఉంది. నల్లమందును పల్లెలో నూరుకోవచ్చు, లోహపు తూటాను కర్మాగారం తప్ప మరెవరూ చేయలేరు. 1922 ఆగస్టు 22, 23, 24 తేదీలలో అల్లూరి సీతారామరాజు చింతపల్లి, కృష్ణదేవిపేట, రాజవొమ్మంగి ఠాణాలపై దాడిచేసి 26 తుపాకులను, 2,500 పైచిలుకు తూటాలను చేజిక్కించుకొన్నాడు. ఆ తరువాత ప్రభుత్వం ఏజెన్సీ ఠాణాలలోని ఆయుధాలను తరలించివేసింది. మన్యపు వానల్లో ఒక తూటా పాడయితే దాని స్థానంలో మరొకటి పుట్టించుకొనే మార్గం పితూరీదారులకు లేదు.

ఇత్తడికి కూడా ఒక బలహీనత ఉన్నదని తెలిసింది ఈ దేశపు వర్షాకాలంలోనే. ఆంగ్లసైన్యం వానలకాలమంతా తూటాలను గుర్రపుసాలల్లో భద్రపరచేది. వానలు వెలిసి బయటికి తీస్తే వాటి మెడలు చిట్లి ఉండేవి. గుర్రాల మూత్రం నుంచి వెలువడే అమోనియా, గాలిలోని తేమ, ఇత్తడిని సాగదీసినప్పుడు దానిలో మిగిలిపోయిన బిగువు – ఈ మూడూ కలిసి చేసిన పని ఇదని 1921లో లోహశాస్త్రజ్ఞులు వివరించారు. తయారీ చివరలో ఇత్తడిని తగినంత వేడిచేసి బిగువును సడలిస్తే ఆ పగుళ్లు రావు.

పందొమ్మిదవ శతాబ్దం చివర, 1884లో, ఫ్రెంచి రసాయనజ్ఞుడు పాల్ వియే పొగరాని మందును కనుగొన్నాడు. దీనికి తేమకంటె వేడి పెద్ద శత్రువు. నైట్రోసెల్యులోజు అనే ఈ పదార్థం ఏ క్షణమూ ఊరకుండక తనలో తాను మెల్లగా విచ్ఛిన్నమవుతూ ఆమ్లవాయువులను వదలుతుంది. ఆ వాయువులు మరింత విచ్ఛిన్నతను ప్రేరేపిస్తాయి. వాటిని పట్టి ఉంచడానికి మరొక రసాయనం కలుపుతారు, కాని అది కూడా క్రమంగా ఖర్చయిపోతుంది. ఉష్ణోగ్రత పెరిగినకొద్దీ ఈ ఖర్చు త్వరగా సాగుతుంది. తూలాన్ రేవులో 1907లో ‘ఇయేనా’, 1911లో ‘లిబర్తే’ అనే ఫ్రెంచి యుద్ధనౌకలు శత్రువు ఎవరూ లేకుండానే బ్రద్దలై వందలమంది నావికులు మరణించారు. నౌకల మందుగదులలో పాతబడి కుళ్లిన మందే అందుకు కారణమని నిర్ధారించారు. రేకుకప్పు గదిలో వేసవులు గడిపిన పాత తూటాలపట్ల ఇందుకే జాగ్రత్త అవసరం. మూత తీయగానే ఘాటైన ఆమ్లపు వాసన, ఎర్రని ఆవిరి కనబడితే ఆ మందు ప్రమాదస్థితిలో ఉన్నదని అర్థం.

ఇక గురి విషయం. గురి తప్పడానికి బలహీనమైన మందుకంటె అసమానమైన మందే ఎక్కువ కారణం. అన్ని తూటాలూ ఒకే మోతాదులో బలహీనపడితే గురిచూసేవాడు కొంచెం పైకి చూచి సరిచేసుకోవచ్చు. పెట్టెలో అంచుననున్న తూటా ఒకలా, నడుమనున్నది మరొకలా మారితే ఎంతటి నేర్పరికీ అది సాధ్యం కాదు. మందు వేడెక్కితే త్వరగా మండి, ఒత్తిడి పెరిగి, గుండు పైన తగులుతుంది. చల్లబడితే క్రింద తగులుతుంది. ఎండలో పెట్టిన తూటాను, నీడలోని తూటాను ఒకదాని వెంట ఒకటి కాల్చినా ఈ తేడా కనిపిస్తుంది.

తేమగాలి బరువైనదని, గుండును అడ్డగిస్తుందని చాలామంది అనుకొంటారు. నిజం వేరు. నీటి అణువు గాలిలోని నత్రజని, ఆమ్లజని అణువులకంటె తేలికైనది. కాబట్టి తేమగాలి పొడిగాలికంటె కొద్దిగా పలుచన. ఆ తేడా గుండుమీద చూపే ప్రభావం చాలా స్వల్పం. అడ్డంగా వీచే గాలి చూపే ప్రభావం మాత్రం స్వల్పం కాదు. క్రీడలలో వాడే చిన్న తూటాను గంటకు 16 కిలోమీటర్ల అడ్డగాలి 50 మీటర్లలోనే రెండున్నర నుంచి మూడు సెంటీమీటర్లు ప్రక్కకు నెట్టివేస్తుంది. ఆ పోటీలో పది అంకెల వలయం వ్యాసం 10.4 మిల్లీమీటర్లు మాత్రమే. అందుకే ఆ మైదానంలో దారిపొడవునా చిన్న జెండాలు కడతారు. హైదరాబాదులో పెరిగిన గగన్ నారంగ్ 2012 లండన్ ఒలింపిక్ క్రీడలలో కాంస్యపతకం గెలిచినది గోడల నడుమ జరిగే పది మీటర్ల పోటీలో. అక్కడ గాలిబాధ లేదు. ఓడలరేవువంటి తీరంలోనైతే ఉదయం నేలనుంచి, మధ్యాహ్నం సముద్రంనుంచి గాలి మళ్లుతుంది. ప్రొద్దున సరిచేసుకొన్న గురి మధ్యాహ్నానికి పనికిరాదు.

పాడయిన తూటా పేలకపోవడం ఒక్కటే ప్రమాదమని భావించరాదు. ఒక్కొక్కప్పుడు మీట నొక్కిన కొన్ని క్షణాల తరువాత అది పేలుతుంది. కాబట్టి పేలలేదని తెలిసిన వెంటనే తుపాకి తెరవకుండా, గొట్టాన్ని లక్ష్యంవైపే ఉంచి కనీసం అర నిమిషం ఆగాలని శిక్షణలో నేర్పుతారు. అంతకంటె మోసకరమైనది సగం మండిన మందు. ‘టప్’మని చిన్న చప్పుడవుతుంది, గుండు గొట్టం నడుమనే చిక్కుకొంటుంది. ఆ చప్పుడును పట్టించుకోక మరొక తూటా కాల్చితే గొట్టం పగిలి, దెబ్బ కాల్చినవానికే తగులుతుంది. అందువల్ల చప్పుడు తగ్గిన మరుక్షణమే కాల్పులు ఆపి, తుపాకి ఖాళీచేసి, గొట్టంలోనికి కడ్డీ దూర్చి చూడనిదే రెండవ తూటాను ముట్టరాదు.